పాతబస్తీ వంటిళ్లు, వానాకాలపు బూజు

బూజు బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. కంటికి ఆనని ఆ రేణువులు ధాన్యం మీద, రొట్టె మీద, గోడల మీద, వండే చేతుల మీద రోజంతా వాలుతూనే ఉంటాయి. వాటిని రాకుండా ఆపడం ఏ వంటింటి తరమూ కాదు. వాలినవి మొలకెత్తకుండా చూడడమే మనిషి చేయగలిగిన పని. మొలకెత్తాలంటే వాటికి తిండి, వెచ్చదనం, గాలి కావాలి. అన్నిటికన్నా ముందు తడి కావాలి. ఆ తడి పదార్థంలో మొత్తం ఎంత ఉందన్నది ఒక లెక్క, అందులో బూజుకు అందేది ఎంతన్నది మరో లెక్క. ఉప్పు, పంచదార నీటిని పట్టి ఉంచి బూజుకు అందనివ్వవు. శాస్త్రజ్ఞులు ఈ అందే నీటిని సున్నా నుంచి ఒకటి దాకా కొలుస్తారు. కొలత 0.8కి దిగితే చాలా రకాల బూజులు ఆగిపోతాయి. 0.6 కంటే దిగితే ఏ బూజూ పెరగదు. తాజా రొట్టె 0.95 దగ్గర ఉంటుంది, బాగా కాలిన బిస్కెట్టు 0.3 దగ్గర.

హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో ముప్పాతిక భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే. మే నెల మధ్యాహ్నం ఎండ 40 డిగ్రీలు దాటి, గాలిలో తేమ ముప్పై శాతం లోపుకు పడిపోతుంది. అదే ఊళ్లో ఆగస్టు ఉదయాన తేమ ఎనభై శాతం దాటి, వేడి పాతిక డిగ్రీలకు అటూ ఇటూగా నిలుస్తుంది. బూజుకు ఇంతకన్నా అనువైన వాతావరణం ఉండదు. 1591లో చార్మినార్ చుట్టూ లేచిన ఈ బస్తీలో తిండిని దాచుకునే పద్ధతులన్నీ ఈ రెండు ఋతువుల మధ్య తేడా చుట్టూనే పెరిగాయి.

ఈ ప్రాంతంలో నిల్వలకు కంటికి కనిపించే పాత ఆనవాలు పక్కనే గోల్కొండ కోటలో ఉంది. కోట పైకి వెళ్లే మెట్ల దారిలో అంబర్‌ఖానా, అంటే ధాన్యపు కొట్టు, శిథిలాలు ఎదురవుతాయి. అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో ఖైరాత్ ఖాన్ దాన్ని కట్టించాడని 1642 నాటి పర్షియన్ శాసనం చెబుతోంది. కొండ మీద, రాతి కట్టడంలో ధాన్యం ఉంచితే శత్రువు చేతికి చిక్కదు, నేల చెమ్మా ఎక్కదు. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు కోటను ముట్టడించినప్పుడు ఈ తేడా తెలిసివచ్చింది. మైదానంలో దిగిన మొగలు సైన్యం వానలకు తడిసి, గింజలు దొరక్క, కరువుతో అల్లాడింది. కోట చివరకు పడింది ఆకలికి కాదు, లోపలివాళ్లు తలుపు తీయడం వల్ల.

కోట బయటి పల్లెల్లో రైతు కొట్టు నేల లోపల ఉండేది. జొన్నలు పండే తెలంగాణ అంతటా పాతర తవ్వడం మామూలు. గట్టి నేలలో లోతుగా గొయ్యి తీసి, లోపల మంట వేసి ఆరబెట్టి, అడుగున, చుట్టూ ఎండు గడ్డి పరిచి, జొన్న పోసి, పైన మళ్లీ గడ్డి వేసి మట్టితో మూసేస్తారు. మూసిన పాతరలో గింజలూ పురుగులూ పీల్చే గాలి కొద్ది రోజుల్లోనే అయిపోయి, బొగ్గుపులుసు వాయువు నిండుతుంది. గాలి లేక పురుగు చస్తుంది, బూజు మందగిస్తుంది. అందుకే పాతర తెరిచిన వెంటనే ఎవరినీ దిగనిచ్చేవారు కాదు. దీపం దించి, అది ఆరిపోకుండా వెలిగితేనే మనిషి దిగేవాడు. పాతరకూ ఒక లోపం ఉంది. గోడ పక్కనున్న గింజ చెమ్మ లాగి నల్లబడి ముక్క వాసన వేస్తుంది. ఆ అంచు జొన్నలను విడిగా తీసి పశువులకు పెట్టేవారు, కరువు ఏళ్లలో మనుషులే తినేవారు. ఆ తిండి ఎంత ప్రమాదమో తెలియడానికి ఇరవయ్యో శతాబ్దం సగం గడవాల్సి వచ్చింది.

పట్నంలో ధాన్యం గంజ్‌లకు చేరేది. ఐదో నిజాం అఫ్జల్ ఉద్దౌలా (1857–1869) ధాన్యం వర్తకులకు ఇచ్చిన స్థలమే మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ అయింది. దాని పక్కనే బేగంబజార్ అంతకుముందే సుగంధ ద్రవ్యాలకు, ఎండు పండ్లకు, చింతపండుకు టోకు బజారు. వ్యాపారానికి నది ఒడ్డు అనువుగా ఉండేది, నిల్వకు మాత్రం గండం. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి సుమారు 15 వేల మందిని బలి తీసుకుంది. వంతెనలు కొట్టుకుపోయాయి. అఫ్జల్‌గంజ్ మునిగింది. వరద తీసిన తర్వాత మిగిలిన బస్తాల గతి ఏమిటో ధాన్యం తెలిసినవాళ్లకు చెప్పనక్కరలేదు. తడిసిన గింజ రెండు మూడు రోజుల్లో మొలకెత్తుతుంది, లేదా బస్తాలోనే వేడెక్కి బూజు పడుతుంది. బూజు పెరిగేకొద్దీ అదే మరింత వేడిని, తడిని పుట్టిస్తుంది కనుక ఒక మూల మొదలైనది బస్తా అంతా పాకుతుంది. మరుసటి ఏడు నిజాం సర్కారు పిలుపు మీద వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) కట్టారు. ఊరికి నీళ్లు ఇచ్చిన చెరువులుగానే వాటికి పేరు, కానీ ఒడ్డునున్న గంజ్‌ల బస్తాలకు కూడా వాటి కాపు దొరికింది.

ఇళ్లలో ధాన్యం గుమ్మిలో ఉండేది. వెదురు బద్దలతో అల్లి, పేడా మట్టీ పూసిన గుమ్మి లోపలి తడిని కొంత పీల్చుకుని బయటికి వదులుతుంది. గింజల్లో వేపాకు కలపడం, పప్పులకు ఆముదం పట్టించడం ఇప్పటికీ ఉన్నాయి. ఇవి పురుగును ఆపే ఉపాయాలు. బూజు మీద వాటి బలం అంతంత మాత్రమే. గింజను బూజు నుంచి కాపాడేది ఒకటే: గుమ్మిలో పోసే ముందు పూర్తిగా ఎండడం. పన్నెండు, పదమూడు శాతం తడి మించని ధాన్యం నిలుస్తుంది. ఆ సంగతి పాత ఇల్లాలు గింజను పంటి కింద పెట్టి కొరికి తేల్చేది. టక్కున విరిగితే ఎండినట్టు, నొక్కుకుపోతే మళ్లీ ఎండకు.

వండిన కూరకు, పాలకు వేరే ఏర్పాటు ఉండేది. ఫ్రిజ్‌లు రాకముందు పాతబస్తీ ముస్లిం ఇళ్లలో నేమత్‌ఖానా తప్పనిసరి సామాను. చెక్క చట్రానికి నాలుగు వైపులా సన్నని ఇనుప జాలీ కొట్టిన బీరువా అది. కాళ్ల కింద నీళ్లు పోసిన గిన్నెలు పెట్టేవారు, చీమలు ఎక్కకుండా. తెలుగు ఇళ్లలో అదే పని ఉట్టి చేసేది. జాలీ ఈగను ఆపుతుంది, పిల్లిని ఆపుతుంది, బూజు బీజాన్ని ఆపలేదు. అయినా నేమత్‌ఖానాలో కూర మూత పెట్టిన గిన్నెలోకన్నా ఎక్కువసేపు నిలవడానికి కారణం గాలి ఆడడమే. మూత కింద ఆవిరి నీటిబొట్టై తిరిగి కూర మీదే పడుతుంది. జాలీలో అది బయటికి పోతుంది. అందుకే ఆ బీరువాను గోడకు ఆనించకుండా, దాలాన్‌లో గాలి తగిలే చోట నిలిపేవారు.

ఊరగాయల సంగతి పాతబస్తీలో రెండు భాషల్లోనూ నడిచింది. షాలిబండ, లాల్‌దర్వాజా, గౌలిపుర, అలియాబాద్ వైపు తెలుగు ఇళ్లలో మామిడికాయ తొక్కు, పక్క గల్లీలో ఆమ్ కా అచార్. జాడీ ఒకటే, సూత్రమూ ఒకటే. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగి తనతో కట్టేసుకుంటుంది. ఆవపిండిలోని ఘాటుకు బూజును అణచే గుణం ఉంది. పులుపు చాలా సూక్ష్మజీవులకు గిట్టదు కానీ బూజుకు అంతగా పట్టదు. నిమ్మకాయ ఊరగాయ మీద తెల్లటి పొర కట్టేది అందుకే. అసలు కాపు నూనెది. ముక్కల మీద వేలు మందాన నువ్వుల నూనె నిలిస్తే కింద గాలి ఉండదు, గాలి లేక బూజు పెరగదు. తీసేకొద్దీ నూనె దిగి ముక్క పైకి తేలిన చోటే మొదటి మచ్చ కనిపిస్తుంది. తడి గరిటె పెట్టకూడదని, తీశాక జాడీ అంచు పొడిగుడ్డతో తుడవాలని, గుడ్డ వాసెన కట్టాలని పెద్దవాళ్లు పట్టుబట్టేది దీనికే. వాటిని మడి, ఆచారం అనుకుని కొట్టిపారేసిన ఇళ్లలో ఊరగాయలు శ్రావణం దాటేవి కావు.

ఈ పనులన్నిటికీ కార్తెల గడువు ఉండేది. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తుంది, జూన్ 7, 8 తేదీల్లో మృగశిర. వడియాలు, ఒరుగులు, ఎండు మిరప, చింతపండు, జాడీల పని రోహిణి ఎండల్లోనే ముగియాలి. మృగశిర అడుగు పెట్టిందంటే ఎండ మీద నమ్మకం లేదు. పాతబస్తీ దూద్‌బౌలిలో మొదలైన చేప మందు పంపిణీ కూడా మృగశిర నాడే కనుక ఆ రోజు ఊరంతటికీ గుర్తుండేది. కార్తెలు సూర్యుణ్ణి బట్టి నడుస్తాయి. ఏటా అవే తేదీలు, అవే ఎండలు.

బక్రీద్ అలా కాదు. హిజ్రీ ఏడాది చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది, సూర్యమానం కన్నా పదకొండు రోజులు తక్కువ. పండుగ ఏటా అంత ముందుకు జరుగుతూ ముప్పై మూడేళ్లకు ఒకసారి ఋతువులన్నీ చుట్టి వస్తుంది. పాతబస్తీ వంటింటి చరిత్రలో ఇంత ముఖ్యమైన లెక్క మరొకటి లేదు, ఎందుకంటే బక్రీద్ మాంసం మీదే సూఖా గోష్త్, అంటే ఎండు మాంసం, ఆధారపడి ఉంది.

కుర్బానీ మాంసంలో బంధువులకు, పేదలకు పంచగా ఇంటికి మిగిలినదాన్ని ఎండబెట్టి దాచుకోవడం అరబ్బు దేశాల్లో ఇస్లాం తొలినాళ్ల నుంచీ ఉంది. తెలంగాణ పల్లెల్లోనూ, ముఖ్యంగా దళితవాడల్లో, మాంసాన్ని తునకలుగా కోసి దండెం మీద ఎండబెట్టడం తరతరాల అలవాటు. హైదరాబాద్ సూఖా గోష్త్‌లో ఈ రెండూ కలిశాయి. దస్తర్‌ఖానాల గురించి రాసేవారు బిర్యానీకి ఇచ్చే చోటు దీనికి ఇవ్వరు. అది అన్యాయం. నవాబుల దేవిడీలోనూ, కూలివాడి గదిలోనూ ఒకే తీరుగా తయారైన వంటకాలు ఈ ఊళ్లో ఎక్కువ లేవు.

ఎముక, కొవ్వు లేని మాంసాన్ని నార వెంట పొడవుగా, వేలి మందం మించకుండా చీలికలు కోస్తారు. కొవ్వును తీసేది అది ఎండలో చేదెక్కి కంపు కొడుతుందని. చీలికలకు ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి, కొందరైతే కారం పట్టించి, దారానికి గుచ్చో, తాడు మీద వేసో మిద్దె మీద ఆరబెడతారు. పైన పల్చటి గుడ్డ, ఈగలకు. కాకులకు, గద్దలకు కాపలా పిల్లల పని. పచ్చి మాంసంలో ముప్పాతిక వంతు నీరే. మంచి ఎండలో మొదటి రోజు పైపొర బిగుస్తుంది, రెండో రోజు చీలిక వంగుతుంది, నాలుగో రోజుకు కర్రముక్కలా గట్టిపడి, విరిస్తే నార తెల్లగా చీలుతుంది. కిలో మాంసం మూడో వంతుకు దగ్గరగా తూగుతుంది. రాత్రి మంచు పడకుండా చీలికలను సాయంత్రం లోపలికి తెచ్చి, ఉదయం మళ్లీ కడతారు.

చీలిక మందంగా కోస్తే వచ్చే చేటు వెంటనే కనిపించదు. ఎండకు పైభాగం త్వరగా బిగిసి లోపలి తడికి దారి మూసుకుపోతుంది. డబ్బాలో పెట్టిన రెండు వారాలకు ఆ తడి మెల్లగా బయటికి వచ్చి, మూత తీయగానే ముక్క వాసన, చీలికల మీద పచ్చటి, తెల్లటి నూగు. అందుకే అనుభవం ఉన్న ఇళ్లలో డబ్బాకెత్తిన వారానికి ఒకసారి తీసి చూసి, మళ్లీ ఒక పూట ఎండ చూపిస్తారు. పసుపు బూజును కాస్త అణచినా అసలు పని ఉప్పుదీ ఎండదీ. బాగా ఎండినది నెలల తరబడి నిలుస్తుంది. తినేటప్పుడు వేడినీళ్లలో నానబెట్టి, రోట్లో దంచి, నూనెలో వేయించి ఖట్టీ దాల్ పక్కన వడ్డిస్తారు, గోంగూరతోనూ వండుతారు.

ఇప్పుడు లెక్కకు వస్తే, 1993 నుంచి 1998 దాకా బక్రీద్ ఏప్రిల్, మే, జూన్ మొదటి రోజుల్లో పడింది. ఆ ఏళ్లలో మిద్దెలన్నీ ఎర్రటి తోరణాలు. 2015లో పండుగ సెప్టెంబర్ 25న, 2019లో ఆగస్టు 12న, 2021లో జులై 21న వచ్చింది. అంటే ఇంచుమించు తొమ్మిదేళ్లు వరుసగా వానాకాలంలోనే. ముసురులో తాడు మీద మాంసం ఆరదు. ఉప్పు గాలి తేమను పీల్చి చీలికలను మళ్లీ తడిపేస్తుంది. అలాంటి ఏళ్లలో పొయ్యి మీద దండెం కట్టి పొగలో ఆరబెట్టడం, ఉప్పు పెంచడం, ఎండబెట్టే బదులు కొవ్వులోనే వేయించి దాచడం పాత పద్ధతులు. పొగలోని పదార్థాలు కూడా బూజును అణిచేవే. అయినా వానాకాలపు బక్రీద్ మాంసాన్ని చాలామంది పంచేసి తినేసేవారు, దాచేవారు కాదు.

రొట్టెల విషయంలో బస్తీ దాచుకోవడం కన్నా ఆ పూటకు ఆ పూట కాల్చుకోవడాన్నే నమ్మింది. పురానీ హవేలీ దగ్గరి మున్షీ నాన్ దుకాణం పంతొమ్మిదో శతాబ్దపు నడుమ నుంచి ఉందని చెబుతారు. అక్కడి నాలుగు మూలల నాన్ తెల్లవారి నిహారీతో తినడానికే. తందూర్ వేడికి పిండిలోని బీజాలు చస్తాయి. నాన్ బయటికి వచ్చాక చేతుల నుంచి, గుడ్డ నుంచి, గాలి నుంచి కొత్తవి వాలతాయి. వేడిగా ఉండగానే మూట కడితే ఆవిరి లోపలే చేరి ఆగస్టులో రెండో రోజుకే మచ్చ వేస్తుంది. మిగిలిన డబుల్ రొట్టెను నెయ్యిలో వేయించి పంచదార పాకంలో వేసే డబుల్ కా మీఠాలోనూ ఈ తర్కమే ఉంది. వేపుడు నీటిని తరిమేస్తుంది, పాకం మిగిలిన తడిని పట్టేస్తుంది. మొహర్రంలో అలంల దగ్గర పంచే దమ్ కే రోట్ రవ్వ, నెయ్యి, పంచదార, బాదంతో గట్టిగా కాలినవి కనుక వారం పది రోజులు చెడవు. బాదం కీ జాలీ, అష్రఫీల వంటి మిఠాయిలు ఇంకా ఎక్కువ రోజులుంటాయి. కేఫ్‌ల ఉస్మానియా బిస్కెట్టుకు తడే లేదు. దానికి భయం మెత్తబడడం, బూజు కాదు.

1970ల నుంచి గల్ఫ్ జీతాలు ఇళ్లకు చేరడంతో ఫ్రిజ్‌లు వచ్చాయి, నేమత్‌ఖానాలు అటకెక్కాయి. చలి బూజును నెమ్మదింపజేస్తుంది తప్ప చంపదు. కొన్ని రకాలు నాలుగు డిగ్రీల దగ్గర కూడా పాకుతాయి. కరెంటు పోయిన పూటలో లోపల వేడెక్కి, మంచు కరిగి తడి చేరినప్పుడు వాటికి పండుగే. ప్యాకెట్ బ్రెడ్‌లో కలిపే కాల్షియం ప్రొపియోనేట్ బూజును కొన్ని రోజులు ఆపుతుంది. అది తందూర్ నాన్‌కు ఎప్పుడూ అవసరపడలేదు.

బూజు రుచిని మాత్రమే పాడు చేస్తుందన్న నమ్మకం 1960లో కదిలింది. ఇంగ్లండ్‌లో బూజు పట్టిన వేరుశనగ పిండి తిని టర్కీ కోళ్లు వేలకొద్దీ చచ్చాయి. అందులోంచి అఫ్లటాక్సిన్ అనే విషం బయటపడింది. ఆ విషం మన తిండిలో ఏం చేస్తుందో తేల్చిన పనిలో హైదరాబాద్‌కు పెద్ద భాగం ఉంది. 1958లో కూనూర్ నుంచి ఇక్కడికి మారిన పరిశోధనాలయమే ఈనాటి జాతీయ పోషకాహార సంస్థ. 1974లో రాజస్థాన్‌లోని బాంస్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో కామెర్లతో, పొట్ట ఉబ్బి వందమందికి పైగా చనిపోయినప్పుడు ఆ సంస్థ పరిశోధకులు వెళ్లి, వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్నే కారణమని చూపించారు. అదే తిండి తిన్న ఇంటి కుక్కలకూ అవే లక్షణాలు. 1995లో దక్కన్ పల్లెల్లో వానకు తడిసిన జొన్న, మొక్కజొన్న తిని కడుపునొప్పి, విరేచనాలతో జనం పడిపోతే, దాని వెనక ఫ్యూమోనిసిన్ అనే మరో బూజు విషం ఉందని తేల్చిందీ ఈ సంస్థే. 1972లో పటాన్‌చెరులో వెలసిన ఇక్రిశాట్ వేరుశనగలో అఫ్లటాక్సిన్‌ను చవకగా పసిగట్టే పరీక్షల మీద దశాబ్దాలుగా పని చేస్తోంది. వంట వేడికి ఈ విషాలు చాలావరకు పోవు. నల్లబడ్డ గింజను కడిగి వండినా, రొట్టె మీది మచ్చను గిల్లేసి తిన్నా ప్రయోజనం లేదు. మెత్తటి పదార్థంలో బూజు నారలు కంటికి కనిపించే మచ్చను దాటి లోపలికి పోయి ఉంటాయి. పాతర అంచు జొన్నల్లో దాగిన ముప్పు ఇదే.

2024లో బక్రీద్ జూన్ 17న, 2025లో జూన్ 7న, మృగశిర వేళకు, వచ్చింది. 2026లో అది మే చివరి వారానికి, రోహిణి కార్తెలోకి జరుగుతుంది. ఆ తర్వాత పదేళ్లకు పైగా పండుగ పొడి నెలల్లోనే తిరుగుతుంది. కానీ అపార్ట్‌మెంట్లు లేచిన గల్లీల్లో మిద్దె అందరిదీ కాదు, తాడు కట్టే చోటు లేదు. డీప్ ఫ్రీజర్ ఉన్న ఇళ్లు ఎండబెట్టడమే మానేశాయి. కొన్ని ఇళ్లు ఓవెన్‌ను తక్కువ వేడి మీద ఉంచి, తలుపు కొద్దిగా తెరిచి మాంసాన్ని ఆరబెడుతున్నాయి. తలుపు మూస్తే ఆవిరి లోపలే తిరిగి చీలికలు ఎండకుండా ఉడికిపోతాయి.